చిలకల్లేని దీవిలో చిలక

వినండర్రా పిల్లలూ, ఎప్పటిదో మాట. కుంభపురి అని ఒక రాజ్యం, దానికో రాజు, ఆ రాజుకు ముగ్గురు కొడుకులు. ఏడు సముద్రాల అవతల పొగలు కక్కే కొండ ఉందని విని, చూసొస్తానని పెద్దవాడు ఓడెక్కాడు, తిరిగి రాలేదు. అతన్ని వెతకడానికి రెండోవాడు ఓడెక్కాడు, అతనూ తిరిగి రాలేదు. అప్పుడు చివరివాడు మేఘకేతుడు, "నేను వెళ్ళి అన్నలను తీసుకొస్తాను నాన్నగారూ" అని తండ్రి కాళ్ళకు మొక్కి బయలుదేరాడు.

ఆరు సముద్రాలు దాటాడు. ఏడో సముద్రంలో ఓడ బండకు తగిలి పగిలింది. ఒక చెక్క పట్టుకుని తేలుతూ తేలుతూ ఒడ్డుకు కొట్టుకొచ్చాడు. అక్కడ ముసలి తాబేలు ఒకటి వెల్లకిలా పడి కాళ్ళు కొట్టుకుంటోంది. మేఘకేతుడు దాన్ని మెల్లగా తిరగేశాడు.

"చల్లగా ఉండు నాయనా! అవసరమొస్తే పిలువు" అని తాబేలు నీళ్ళలోకి పోయింది.

తలెత్తి చూస్తే ఏముంది? ఇసుక నలుపు, రాళ్ళు నలుపు. నడుమ కొండ, కొండ నెత్తిన పొగ. దీవి చుట్టూ పగడాల గట్టు, గట్టు లోపల పచ్చని నీళ్ళు. ఏరు లేదు, చెరువు లేదు. కొండ కింద రెండు రాళ్ళకు మాత్రం అచ్చంగా అన్నల ముఖాలు! మేఘకేతుడు పరుగున వెళ్ళి వాటిని తడిమి చూశాడు.

వెనక ఎవరో పకపకా నవ్వారు. గరళదత్తుడనే మాంత్రికుడు! "మూడు పనులు చెబుతాను. చేస్తే నీ అన్నలను ఇస్తాను. ఒక్కటి తప్పినా నువ్వు మూడో రాయివి. ముందు కుండెడు మంచినీళ్ళు తే!"

దిగులుగా కూర్చున్న మేఘకేతుడి దగ్గరికి ఒక పిల్ల వచ్చింది. ఆ దీవి దొర కూతురు శంఖవల్లి. తనను పెళ్ళాడనన్నదని మాంత్రికుడు ఆమె వాళ్ళందరినీ రాళ్ళు చేసేశాడు.

"కొండ తాగిన వాన ఊరికే పోదు. సముద్రం వెనక్కి తీసినప్పుడు ఒడ్డున రాళ్ళ సందుల్లో మంచినీళ్ళై ఊరుతుంది" అంది. మేఘకేతుడు అక్కడే కుండ నింపుకున్నాడు.

"ఈ మాంత్రికుడి ప్రాణం చిలకలో ఉందట. చెట్టు చెట్టూ వెతికాను. ఈ దీవిలో చిలకే లేదు!" అని కళ్ళు తుడుచుకుంది.

రెండో పని, నిప్పు రాజేయకుండా దుంపలు ఉడికించడం. కొండవాలులో ఒక పక్షి బూడిద తవ్వి గుడ్లు పెడుతోంది. "గుడ్లు పొదగవా అమ్మా?" అని అడిగాడు మేఘకేతుడు.

"నేనెందుకు? ఈ నేలే పొదుగుతుంది. చెయ్యి పెట్టి చూడు!" అంది పక్షి. చురుక్కుమంది! ఇంకా లోతుగా తవ్వి దుంపలు పాతిపెట్టాడు. మెత్తగా ఉడికాయి.

మాంత్రికుడు పళ్ళు కొరికాడు. "ఈ నల్లని దీవిలో గుప్పెడు తెల్లని ఇసుక తే!"

మేఘకేతుడు తాబేలును పిలిచాడు. అది అతన్ని వీపున ఎక్కించుకుని పగడాల గట్టు దగ్గరికి తీసుకుపోయింది. గట్టు అడుగున ఇసుక వెన్నెలలా మెరుస్తోంది.

"ఇదెక్కడిది తాతా?"

"చిలకచేపలు పగడాలు కొరికి తింటాయి. అరగనిదంతా ఇసుకై వెనకనుంచి వస్తుంది!"

మేఘకేతుడు పడీపడీ నవ్వాడు. నవ్వుతూ నవ్వుతూ చటుక్కున ఆగాడు. "చిలక... చేపా?"

వంకర ముక్కుల చేపల గుంపులో ఒక్కదానికే బంగారు ముక్కు! మునిగి, రెండు చేతులా ఒడిసి పట్టాడు.

ఒడ్డున మాంత్రికుడు గొంతు పట్టుకుని కూలబడ్డాడు. "వదిలెయ్ నాయనా, చచ్చిపోతాను!"

"ముందు నువ్వు రాళ్ళు చేసినవాళ్ళందరికీ ప్రాణం పొయ్యి. తర్వాత నీ మంత్రదండం కొండ నోట్లో పారెయ్!"

మాంత్రికుడు రెండూ చేశాడు. రాళ్ళన్నీ మనుషులై ఒళ్ళు విరుచుకుని లేచాయి. అన్నలు పరుగున వచ్చి తమ్ముణ్ణి కావలించుకున్నారు. మేఘకేతుడు చేపను నీళ్ళలో వదిలేశాడు. మంత్రం పోయిన మాంత్రికుడు దాన్ని ఎవరైనా పట్టుకుపోతారేమోనని గట్టు మీదే కాపలా కూర్చున్నాడు.

"ఇక్కడ ఉండిపోతావా?" అని అడిగింది శంఖవల్లి.

"నువ్వు ఉండమంటే ఉంటాను" అన్నాడు మేఘకేతుడు. ఆమె నవ్వింది.

అన్నలు వెళ్ళి తల్లిదండ్రులను ఓడల్లో తీసుకొచ్చారు. నల్లని ఇసుక మీద తెల్లని ముగ్గులేసి పెళ్ళి చేశారు. పెద్దవాడు కుంభపురిని ఏలాడు, రెండోవాడు అతనికి మంత్రి అయ్యాడు. మేఘకేతుడూ శంఖవల్లీ ఆ దీవిని నిండు నూరేళ్ళూ ఏలారు. కొండ బూడిద పడిన నేలలో దుంపలు తలకాయంత ఊరేవి, కొబ్బరిచెట్లు గెలలతో వంగిపోయేవి. వాళ్ళు కడుపునిండా తిన్నారు. ఇక మీరూ లేవండి, అన్నాలకు పదండి.