రాజుగారు అప్పజెప్పిన పాఠం

ఒకానొక రాజ్యంలో, ఆ రాజ్యం పేరు చెబితే అక్కడివాళ్లు కర్రలు పట్టుకొస్తారు కాబట్టి చెప్పను, ప్రచండభూపతి అనే రాజుండేవాడు. తాను ఏకసంథాగ్రాహినని, ఏదైనా ఒక్కసారి వింటే చాలు పొల్లు పోకుండా అప్పజెబుతానని ఆయనకు మహా గీర. చిక్కల్లా ఒక్కటే. ఆయన ఎవరు చెప్పేదీ వినేవాడు కాదు.

ఆ రాజ్యంలో ఎగువపల్లె, దిగువపల్లె ఒకే కాలువ మీద బతికేవి. ఆ ఏడు నీళ్లు చాలక రెండూళ్లవాళ్లూ తలలు పగలగొట్టుకున్నారు. సంగతి తెలియగానే రాజు తొడ చరిచాడు.

"తూము మూయించండి! నీళ్లే లేకపోతే తగవెక్కడిది?"

మంత్రులు "ఆహా!" అన్నారు. అలా అనడమే వాళ్ల ఉద్యోగం. నారుమళ్లు అప్పటికే నెర్రెలిచ్చాయి. తూము మూస్తే ఆ ఏడు రెండూళ్లకీ గంజి నీళ్లు కూడా ఉండవు, పాపం.

సభలో లచ్చుభొట్లు అనే చమత్కారి ఉన్నాడు. ఒకప్పుడు వీధిబడి పంతులు. ఆయన లేచి, "మహాప్రభూ, మూడు రోజులు గడువివ్వండి. తగవు తీరకపోతే తూముతోపాటు నా నోరూ మూయించండి" అన్నాడు. ఆ రెండో మాట రాజుకు తెగ నచ్చి ఒప్పుకున్నాడు.

లచ్చుభొట్లు కాలువ గట్టు మీద బడి పెట్టాడు. పిల్లలకు కాదు, మీసాలు నెరిసిన పెద్దలకు. అక్కడ ఎవడి గోడు వాడు చెప్పుకోకూడదు. అవతలి ఊరివాడి గోడు విని, వాడు "అవును, అదే" అనేదాకా అప్పజెప్పాలి. ముక్క తప్పితే గుంజీళ్లు.

మొదటిరోజంతా గుంజీళ్లే. ఎగువపల్లె పెద్దకాపు పాతిక తీసి నడుం పట్టుకున్నాడు. రెండోరోజుకి పట్టుకున్న చెవులు నొప్పెట్టి, అందరూ వాటితో వినడం మొదలుపెట్టారు.

"మీ నారూ ఎండిందా?"

"మీకూ నీళ్లు రాలేదా?"

మూడోరోజుకి రెండూళ్లూ కలిసి కాలువ పైవైపు ఒకసారి చూసి, కిక్కురుమనకుండా కూర్చున్నాయి. అప్పుడే తూము మూయించడానికి రాజు పరివారంతో దిగాడు.

"ఏమయ్యా, తీరిందా తగవు?"

"తీరింది ప్రభూ. కానీ ఒక్క పాఠం మిగిలిపోయింది. అప్పజెప్పడానికి ఇక్కడ ఒక్కడికీ నోరు పెగలడం లేదు. ఎవరైనా ఏకసంథాగ్రాహి ఉంటేగానీ..."

"నేనుండగానా!" రాజు మీసం మెలేశాడు. "చెప్పమను!"

దిగువపల్లె ముసలమ్మ దాలమ్మ ముందుకొచ్చింది.

"దొరా, మా నారు ఎండింది. ఎగువపల్లెవాళ్లే నీళ్లు దోచారని కొట్టుకున్నాం. తీరా చూస్తే వాళ్ల నారూ ఎండింది. నీళ్లన్నీ పైనే తమరి హంసల కొలనులోకి పోతన్నాయి. హంసలు తొమ్మిది. మేం తొమ్మిది వందలం."

మంత్రుల ముఖాలు మాడిపోయాయి. రాజు గొంతు సవరించుకుని, "నారు ఎండింది, కొట్టుకున్నారు, వాళ్ల నారూ ఎండింది... అంతే" అన్నాడు.

"చివరి ముక్క మింగేశారు దొరా" అంది దాలమ్మ.

లచ్చుభొట్లు వినయంగా వంగాడు. "ప్రభువులు మరిచిపోయారేమో. మరిచిపోతే గుంజీళ్లు. గుర్తుంటే సెలవివ్వండి."

రాజు ఒకసారి జనాన్ని చూశాడు, ఒకసారి తన బొజ్జ చూసుకున్నాడు. ఆ బొజ్జతో గుంజీళ్లు అయ్యేపని కాదు.

"నీళ్లన్నీ... నా హంసల కొలనులోకి పోతున్నాయి" అని గొణిగాడు.

"వినపడలేదు దొరా!" అన్నారు రెండూళ్లవాళ్లూ ఒక్క గొంతుతో.

రాజు ఈసారి గట్టు అదిరేలా చెప్పాడు. చెప్పాక సిగ్గేసింది. ఉన్నట్టుండి పొట్ట పట్టుకుని పకపకా నవ్వాడు.

"ఓయ్ భొట్లూ! నా తప్పు నా నోటితోనే చెప్పించావు కదయ్యా! తూము జోలికి ఎవడూ వెళ్లొద్దు. కొలనుకు కొట్టిన గండి పూడ్చండి!"

సాయంత్రానికి నీళ్లు దిగువపల్లె చివరిమడి దాకా పారాయి. రాజు తన పట్టుశాలువా తీసి లచ్చుభొట్లుకు కప్పి, "ఇంకేం కావాలో కోరుకో" అన్నాడు.

"రేపటి నుంచి ఈ బడి తమరి సభలో పెట్టించండి ప్రభూ. ముందు మంత్రులు అప్పజెబుతారు."

రాజు మళ్లీ నవ్వి సరేనన్నాడు. మర్నాడు మంత్రులందరికీ ఒకేసారి మోకాళ్ల నొప్పులొచ్చాయి.