బదులు పలకని కప్ప

అనగనగా ఒక అడవి. ఆ అడవిని ఆనుకుని, అవతలి ఒడ్డు కంటికి ఆననంత పెద్ద సరస్సు. శివరాత్రి వెళ్లిన నాలుగో రోజు ఉదయం, సరిగ్గా ఆరు గంటల నలభై నిమిషాలకు, పోలయ్య అనే కొర్రమీను గాలి పీల్చుకోవడానికి నీటి పైకి వచ్చాడు.

పిల్లలూ, కొర్రమీనుకు నీటిలో దొరికే గాలి ఒక్కటే చాలదు. కాసేపటికోసారి పైకి వచ్చి, ఒక గుటక గాలి మింగి, మళ్లీ కిందికి పోవాలి. పోలయ్య రోజూ చేసే పనే అది. ఆ రోజు మాత్రం గుటక మింగాక కిందికి పోలేదు. గూటి వంక చూసి అలాగే ఆగిపోయాడు.

గుడ్లు తగ్గాయి.

చలికాలమంతా పోలయ్య, అతని భార్య నాంచారి లోతు నీళ్లలోనే గడిపారు. శివరాత్రి దాటగానే ఉత్తరపు మూలకు వచ్చారు. అక్కడ నీళ్లు నడుము లోతు కూడా ఉండవు. గాలి తగలదు, ఎండ తగులుతుంది. సరస్సులో ముందుగా వెచ్చబడేది ఆ మూలే. తామర మొక్కల మధ్య గడ్డిని కొరికి, పళ్లెమంత జాగా శుభ్రం చేసి గూడు కట్టారు. తేనె రంగు గుడ్లు ఆ గూట్లో నీటి మీద తేలుతున్నాయి. ఒక్కొక్కటీ ఆవగింజంత. ఇద్దరికీ ఇదే మొదటి గూడు.

"నాంచారీ, ఇలా రా. తూర్పు పక్క చూడు. నిన్న సాయంత్రం ఇక్కడ ఖాళీ లేదు."

నాంచారి చూసింది. "లేదు. ఇప్పుడు నా తోకంత ఉంది."

గూటికి రెండు మూరల దూరంలో ఒక తామరాకు ఉంది. దాని మీద ఒక గోదురుకప్ప కూర్చుని ఉంది. ఆ సరస్సులో ఒక కట్టుబాటు ఉండేది. గూటి పక్కకు ఎవరొచ్చినా కాపలా చేప "ఎవరది?" అని మూడుసార్లు అడగాలి. బదులు పలికితే వదిలేయాలి. మూడోసారికి కూడా పలకకపోతే వచ్చినవాడు దొంగే. కరిచి తరమాలి.

"ఎవరది?" అన్నాడు పోలయ్య.

"నేనే బావా, సింగన్నని. నిన్న అడిగావు, మొన్న అడిగావు. ఇంకా గుర్తు పట్టలేదా?"

"పొద్దున్నే మా గూటి పక్కనే ఎందుకు కూర్చున్నావు?"

"మొదటి ఎండ ఈ ఆకు మీదే పడుతుంది. ఒళ్లు కాచుకుంటున్నా. ఆరేళ్లుగా ఇదే ఆకు, ఇదే ఎండ."

బదులు పలికాడు కాబట్టి పోలయ్య అతన్ని వదిలేశాడు. కానీ కప్ప పెదవులు నాకుతున్నట్టు అతనికి అనిపించింది.

కింద బురదలోంచి ఒక పీత పక్కగా నడుచుకుంటూ వచ్చింది. "నాకెందుకులే పోలయ్యన్నా. నేనెవరినీ ఏమీ అనను. ఆ నోరు మాత్రం చూడు, ఎంత వెడల్పో" అంది. అని, వచ్చినట్టే పక్కగా నడుచుకుంటూ వెళ్లిపోయింది.

రెండో రోజు పొద్దున సగం గుడ్లు లేవు. వాటి బదులు నీటి మీద నల్లటి నలుసులు తేలుతున్నాయి. చూడటానికి మసిలాగా ఉన్నాయి. కదలడం లేదు. పోలయ్యకు చెత్త అంటే గిట్టదు. తోకతో ఒక్క ఊపు ఊపి ఆ నలుసుల్ని గూటి బయటికి తోశాడు. బయట గడ్డిలో, ఏది దొరికినా మింగే జెల్ల చేపలు తిరుగుతున్నాయి.

"బావా, ఆగు!" ఆకు మీంచి సింగన్న అరిచాడు. "దాన్ని తోసేయకు. ముందు దగ్గరికెళ్లి చూడు."

"మా ఇల్లు మేం ఊడ్చుకుంటే నీకేం నొప్పి? గుడ్లు ఎక్కడికి పోతున్నాయో చెప్పు ముందు."

"అదే చెప్పబోతున్నా."

"నువ్వు వచ్చి కూర్చున్నాకే అవి తగ్గుతున్నాయి. ఆ లెక్క నాకు తెలుసు."

సింగన్న నోరు తెరిచాడు. అంతలో తూర్పు గడ్డిలోంచి ఇంకొక కప్ప వచ్చింది. ఆకుపచ్చగా ఉంది. నీటి మీద గీత గీసుకుంటూ తిన్నగా గూటి వైపే వస్తోంది.

"ఎవరది?" అన్నాడు పోలయ్య.

బదులు లేదు.

"ఎవరది?"

కప్ప ఒక్క క్షణం ఆగింది. మళ్లీ కదిలింది.

"ఎవరది అంటే పలకవేం?"

కప్ప గూటి అంచు మీదుగా సర్రున జారి వెళ్లిపోయింది. పోలయ్య వెంటపడ్డాడు, కానీ ఆలస్యమైంది. తిరిగి వచ్చేసరికి అతని ఒంటి మీది చారలు నల్లగా కమిలిపోయి ఉన్నాయి. కొర్రమీనుకు కోపం వస్తే అలాగే అవుతుంది.

"మీవాడేనా?" అని సింగన్నను అడిగాడు.

"అది కప్పే కాదు బావా. నేను పొద్దున ఒడ్డున ఉన్నా, చూశాను. రెల్లుదుబ్బు వెనక పడవ ఉంది. అందులో ఇద్దరు మనుషులు ఉన్నారు. వాళ్ల డబ్బాలో ఇలాంటివి నాలుగున్నాయి. రబ్బరువి. మూతికి దారం కట్టి లాగుతున్నారు."

"నేను ఇక్కడ కాపలా కాస్తుంటే ఒడ్డున మనుషుల దగ్గర నీకేం పని?"

"నేను నీళ్లలోనూ ఉంటా, గట్టు మీదా ఉంటా. కప్పని కదా."

"అదే అంటున్నా. నీకు రెండు ఊళ్లు. రెండు ఊళ్లవాడి మాట ఏ ఊళ్లో నమ్మాలి?"

ఆ మాటకు బురదలో పీత కిసుక్కున నవ్వింది. "బాగా అడిగావన్నా. చుట్టం దొరికిపోతుంటే రబ్బరుదని చెబుతున్నాడు."

సింగన్న నాంచారి వైపు తిరిగాడు. "అక్కా, నువ్వైనా విను. అది మళ్లీ వస్తుంది. వచ్చినప్పుడు దాని గొంతు చూడండి. కప్ప నోరు మూసుకుని కూర్చున్నా గొంతు ఆడుతూనే ఉంటుంది. ఇదిగో, నాది చూడు. దాని గొంతు ఆడదు. ఆడకపోతే వదిలేయండి, దాని దారిన అది పోతుంది. కరవకండి."

పోలయ్య ఆ చివరి మాట పట్టుకున్నాడు.

"విన్నావా నాంచారీ? కరవొద్దట. దొంగను కరవొద్దని ఎవడు చెబుతాడు? దొంగకు అన్నదమ్ముడే చెబుతాడు." ఆకు కిందికి వెళ్లి తలతో ఒక్క పోటు పొడిచాడు. ఆకు తిరగబడింది. సింగన్న నీళ్లలో పడ్డాడు. "ఈ మూలకి ఇంకెప్పుడూ రాకు. వస్తే నిన్ను మూడుసార్లు అడగను. ఒక్కసారి కూడా అడగను."

"సరే బావా" అన్నాడు సింగన్న. మెల్లగా ఈదుకుంటూ రెల్లుదుబ్బు అవతలికి పోయాడు. వెళ్తూ ఒక్కసారి కూడా వెనక్కి చూడలేదు.

"ఒక్కసారి ఆ గొంతు సంగతేదో చూస్తే పోయేదేముంది?" అని నాంచారి అడిగింది.

"నువ్వు కూడానా?" అన్నాడు పోలయ్య. ఆ పూటంతా ఇద్దరూ గూటికి చెరోవైపు ఉండి, ఒకరినొకరు ఓరగా చూసుకుంటూ కాపలా కాశారు. మధ్యలో పోలయ్య మరోసారి గూడు ఊడ్చాడు.

మూడో రోజు ఉదయం ఏడుంపావుకు రెల్లుదుబ్బు వెనక పడవ వచ్చి ఆగింది. అందులో ఉన్నవాళ్లు దావీదు, అతని బావమరిది నూకరాజు. ఇద్దరూ పట్నంలో ఉంటారు. సెలవు దొరికితే గాలపు కర్రలు పట్టుకుని సరస్సుకు వస్తారు.

"నిన్న ఒక్కటీ పడలేదు బావా" అన్నాడు నూకరాజు. "వానపాములు గుచ్చుదామా? చేపలకి ఆకలేస్తుందేమో."

"ఈ రోజుల్లో వాటికి ఆకలి ఉండదురా" అన్నాడు దావీదు. "గూటి మీద ఉన్న చేప తిండి మానేస్తుంది. దానికి ఉండేదల్లా అనుమానం. ఆకలి ఉన్న చేపకైతే మంచి ఎర వెయ్యాలి. అనుమానం ఉన్న చేపకి ఈ రబ్బరు ముక్క చాలు. గూటి మీదుగా లాగు. దగ్గరికి రాగానే కాసేపు ఆపు. మిగతాది అదే చూసుకుంటుంది."

ఆకుపచ్చ కప్ప గడ్డి మీదుగా వచ్చి గూటి అంచున ఆగింది.

"ఎవరది?" అన్నాడు పోలయ్య.

బదులు లేదు. కప్ప కాస్త ముందుకు కదిలి మళ్లీ ఆగింది.

"ఎవరది?"

"దాని గొంతు చూడు" అంది నాంచారి వెనక నుంచి. "చూస్తే చాలు. జానెడు దూరంలోనే ఉంది."

పోలయ్య ఉన్నచోటి నుంచి నిజంగానే కప్ప గొంతు కనిపిస్తుంది. తల కాస్త పైకెత్తితే చాలు. పోలయ్య తల ఎత్తలేదు. అతను చూస్తున్నది గూటిని. అందులో మూడో వంతు గుడ్లు కూడా మిగల్లేదు.

"ఎవరది?" అన్నాడు మూడోసారి.

కప్ప పలకలేదు. పోలయ్య కరిచాడు.

నోట్లో రబ్బరు మెత్తగా నలిగింది. ఆ వెంటనే దాని పొట్ట కింద దాగిన రెండు కొక్కేలు అతని పై దవడలో దిగాయి. దారం బిగుసుకుంది. తామరాకులు, గడ్డి, నాంచారి, అన్నీ ఒక్కసారిగా వెనక్కి పోయాయి. తర్వాత అంతా ఎండే.

పడవలో అతన్ని తూచారు. రెండు కిలోల ఎనిమిది వందల గ్రాములు. ఫోటో తీశారు.

"కూరకి బాగుంటుంది బావా" అన్నాడు నూకరాజు.

"గూటి మీది చేపరా. తినకూడదు. మా నాన్న ఎప్పుడూ తిననిచ్చేవాడు కాదు." దావీదు కొక్కేలు ఊడదీసి పోలయ్యను నీళ్ల డబ్బాలో వేశాడు. పన్నెండు గంటలకు పడవ రేవు చేరింది. అక్కడ డబ్బా వంచి పోలయ్యను సరస్సులో వదిలారు. "పోరా, వెళ్లి నీ పిల్లల్ని చూసుకో" అన్నాడు దావీదు. మంచి పని చేశాననే తృప్తితో ఇంటికి వెళ్లాడు.

రేవు ఉన్నది దక్షిణపు ఒడ్డున. అక్కణ్నుంచి ఉత్తరపు మూల ఎనిమిది కిలోమీటర్లు.

పోలయ్యకు తిరిగి రావడానికి ఐదు రోజులు పట్టింది. దవడ చీలి వాచిపోయింది. ఏమీ తినలేకపోయాడు. గాలి మింగడానికి పైకి వచ్చిన ప్రతిసారీ నొప్పితో కళ్లు తిరిగాయి. దారిలో మూడు గూళ్ల పక్కగా రావాల్సి వచ్చింది. మూడు చోట్లా "ఎవరది?" అని అడిగారు. పలుకుదామంటే నోరు కదల్లేదు. మూడు చోట్లా కరిచి తరిమారు. వాళ్లను అతను తప్పు పట్టలేకపోయాడు. అది కట్టుబాటు.

రేవులో వదిలిన ఆరో రోజు పొద్దున తన మూలకు చేరాడు. తోక సగం చిరిగి, చారలు పాలిపోయి, తన నీడను తానే గుర్తు పట్టలేనట్టు ఉన్నాడు.

"ఎవరది?" అని గడ్డిలోంచి నాంచారి గొంతు వినిపించింది.

పోలయ్య నోరు తెరిచాడు. మాట రాలేదు.

"ఎవరది?"

అతను కదలకుండా నిలబడ్డాడు. పారిపోదామన్నా ఓపిక లేదు.

"ఎవరది?"

మూడోసారి కూడా బదులు లేదు. కట్టుబాటు ప్రకారం నాంచారి ఇప్పుడు కరవాలి. ఆమె గడ్డి చీల్చుకుని బయటికి వచ్చింది. వచ్చి, కరవకుండా ఆగింది. జానెడు దూరం దాకా వచ్చి అతని చుట్టూ ఒకసారి తిరిగింది. మొప్పలు చూసింది. కళ్లు చూసింది. దవడలో రెండు రంధ్రాలు చూసింది.

"సింగన్నా" అని పిలిచింది. "ఇలా వచ్చి చూడు."

తామరాకు మీంచి సింగన్న మెడ చాపి చూశాడు. "గొంతు ఆడుతోంది అక్కా. బావే."

పోలయ్య సింగన్నను చూశాడు. అదే ఆకు మీద, అదే ఎండలో కూర్చుని ఉన్నాడు.

"నువ్వు పోయిన రోజే నేనితన్ని పిలిచాను" అంది నాంచారి. "నాలుగుసార్లు పిలిస్తేగానీ రాలేదు. రావద్దన్నారు కదా అన్నాడు. రెండు వైపులా నేనొక్కదాన్ని ఎలా చూడను? జెల్లలు ఏ వైపు నుంచి వస్తున్నాయో పైనుంచి ఇతనే చెబుతున్నాడు."

ఆమె వెనక, నీడలో, ఎర్రటి చేపపిల్లలు కొన్ని గుంపుగా తిరుగుతున్నాయి. ఒక్కొక్కటీ వరిగింజంత. గుడ్లు వేలల్లో పెట్టిన చోట ఇప్పుడు ఉన్నవి ఒక దోసెడు.

పోలయ్య వాటిని చూశాడు, సింగన్నను చూశాడు, మళ్లీ నాంచారి వంక చూశాడు. అడగాలనుకున్నది ఆమెకు అర్థమైంది.

"గుడ్లు ఎవరూ తినలేదు" అంది. "అవి పిల్లలయ్యాయి. పుట్టిన మొదటి రెండు రోజులు మన పిల్లలు నల్లగా ఉంటారట. వెల్లకిలా తేలతారట, కదలరట. సింగన్న చెబితే దగ్గరికెళ్లి, నువ్వు ఊడ్చగా మిగిలిన ఒక నలుసును చూశాను. దానికి కళ్లున్నాయి."

నీతి: అనుమానం రావడం తప్పు కాదు; జానెడు దూరం వెళ్లి చూసుకోకుండా, ఆ అనుమానాన్నే సాక్ష్యంగా నమ్మడం తప్పు.