శేషుని పడగకు అందిన ఆసరా

పూర్వం కృతయుగాంతాన, తూర్పు కనుమల దాపునగల భద్రవాటికాపురాన్ని యజ్ఞశీలుడు, సత్యవ్రతుడు అయిన స్థిరవర్మ మహారాజు ఏలుతుండగా, ఒకనాటి ఉదయం ఆకాశం తోమని రాగిచెంబులా నల్లబారి, సూర్యుడున్న చోటయినా తెలియనీయక, ఒక్క పక్షినైనా ఎగరనీయక, కిందికి దిగి నిలిచిపోయింది. భూమి అదరడం మొదలై అది మూడవనాడు.

మొదటిరోజున నేల ఒక్కసారి చిన్నగా కదిలినందుకే కలతచెందిన ఆ మహారాజు భూశాంతియాగం ఆరంభించి, యాగం ముగిసేదాకా ప్రజలందరూ పనులు విడిచి, చేతులు జోడించి యాగశాల చుట్టూ కూర్చోవలెననీ, జోడించిన చేయి విప్పినవాని చేయి ఖండింపబడుననీ చాటించాడు. అదురు తగ్గలేదు సరికదా, హెచ్చింది. కోటగోడ బీటలువారింది. బావుల్లో నీరు కుంగింది.

కడపటి వరుసలో శణకుడు కూర్చున్నాడు. కనుమ మొదట్లో జనపతాళ్ళు పేనుకుని బ్రతికే ముసలివాడు. ఏటవాలు ఎక్కబోయే బాటసారులు అతని పాక ముందే మోపులు దించి అలుపు తీర్చుకునేవారు. దించడం ఎవరికివారు చేసుకోగలరు. తిరిగి నెత్తికెత్తుకోవాలంటే ఇంకొకరు సాయం పట్టాలి. శణకుడు తాడు పక్కనపెట్టి లేచి, ఓ చేయి వేసి, మళ్ళీ వచ్చి కూర్చునేవాడు. వాళ్ళ ముఖాలైనా సరిగా చూసేవాడు కాడు.

యాగానికి సమిధలు మోసే పింగళ అనే ముసలిదానికి ఒక్కదానికే తిరిగే అనుమతి ఉంది. నేల అదిరిన అదురుకు ఆమె మోపు శణకుని ముందే పడింది.

"ఏం మావా, చేతులకి పెళ్ళి చేశావా, ముడి విప్పకుండా కూకున్నావు? కాస్త చెయ్యెయ్యి."

"వెయ్యకూడదంట."

"ఎవురన్నారు?"

"రాజుగారు."

"అయితే ఆయన్నే పిలువు, ఎత్తుతాడు."

ఒంటిగా మోపును మోకాలిదాకా ఎత్తి మళ్ళీ దించేసిన ఆమెను శణకుడు చూశాడు. లేచి మోపు ఎత్తాడు. అది ఆమె తలమీద కుదురుకునేలోపే భటులు అతని మణికట్టు పట్టుకున్నారు.

"ఓరీ! లోకమంతా కంపిస్తుంటే నీకు కట్టెలమోపు ముఖ్యమైనదా?" అని రాజు గర్జించాడు.

"ఒక్కతే ఎత్తుకోలేదు, ఏలికా."

ఖడ్గం లేచింది. లేచిన ఖడ్గం వణకకుండా నిలిచింది, హోమం చేసే హోత చేతిలోని నేతిగరిటె నిలిచింది, నేల నిలిచింది. మరుక్షణాన హోమగుండం పక్కన భూమి చీలి, సహస్రఫణామండితుడు, ధరణీధరుడు అయిన ఆదిశేషుడు వేయి కన్నుల జంటలతో ఆ ముసలివాణ్ణే చూస్తూ పైకి వచ్చాడు.

"రాజా! తొలినాడు నేను పడగ మార్చుకున్నాను, అంతే. ఒకరి బరువుకు మరొకరు చేయి వేసిన ప్రతిసారీ నా తలమీది భూభారం నువ్వుగింజంత తగ్గుతుంది. ఆ ఆసరాతోనే నిలబడ్డాను. అందులోనూ ఎక్కువపాలు ఈ ముసలివానిది. అలాంటి చేతులన్నిటినీ యాగం పేరిట కట్టివేసి, విప్పిన ఒక్కదాన్నీ నరకబోతున్నావు!"

భటుని చేతి కత్తి జారిపడింది. శణకుడు వెనక ఇంకెవరైనా ఉన్నారేమోనని తిరిగి చూశాడు.

"నేనా? సామీ, నేను తాళ్ళు పేనుకునేవాణ్ణి."

"వరం కోరుకో, నాయనా."

శణకుడు కనుమ వైపు చూశాడు.

"జనాన్ని ఒదిలెయ్యమనండి. కనుమకాడ మోపులు దించినవి దించినట్టే పడున్నాయి."

"తథాస్తు! ఇకమీదట కలిసి ఎత్తిన బరువు ఇద్దరికీ సగంకన్నా తక్కువగా తోచుగాక!" అని పలికి, శేషుడు అంతర్ధానమయ్యాడు. చీలిన నేల పూడింది, బావుల్లో నీరు పైకి వచ్చింది, మబ్బు విచ్చి ఎండ కాసింది. స్థిరవర్మ తన శాసనాన్ని తన నోటితోనే రద్దుచేసి, కిరీటం తీసి వేదిమీద పెట్టి, మూడునాళ్ళ ఉపవాసంతో తూలుతూ వచ్చి ఆ ముసలివాళ్ళ ఎదుట నేలమీద కూర్చున్నాడు.

పింగళ మూట విప్పి జొన్నరొట్టెను మూడు ముక్కలు చేసి, మోదుగాకులమీద పెట్టి, తలా ఒక ఉల్లిపాయ వేసింది. శణకుడు తన కుడిచేతిని ఎవరిదో అన్నట్టు తిప్పి తిప్పి చూసుకుంటూ, దానితో తినవచ్చునో కాదో తెలియక ఆగిపోయాడు. పింగళ అతని ఆకును కాస్త దగ్గరికి జరిపింది. అతడు రొట్టె తుంచాడు. అప్పుడు రాజు తుంచాడు. ముగ్గురూ కలిసి తిన్నారు.