సాంబ్రాణి పొగకు నలభై గాలులు

ఏ ప్రశ్నకూ కుర్చీలో కూర్చుని జవాబు చెప్పకపోవడం కూర్మనాథంగారి అలవాటు. యానిమేషన్ నేర్చుకుందామని ఆయన దగ్గర చేరినవాళ్లలో, ఈ అలవాటుకి అందరికంటే ఎక్కువ ఒళ్లు మండేది మేదినికి.

ఆ రోజైతే మరీను. వాళ్లు చేస్తున్న సినిమాలో అలిగిన మనవరాలి చుట్టూ అవ్వ వేసిన సాంబ్రాణి పొగ, భుజం మీద చెయ్యి వేసినట్టు చుట్టుకోవాలి. కంప్యూటర్ లెక్కకట్టిన పొగను ఉన్నదున్నట్టు చూపిస్తే దర్శకుడు "పొగే. ఆప్యాయత లేదు" అన్నాడు. మేదిని ఒక్కో పాయనూ పట్టి వంచి చూపిస్తే "ఆప్యాయత ఉంది. పొగేదీ? తాడులా ఉంది" అన్నాడు. అలా వంచడానికి ఆమె ఆ దృశ్యంలో, పొగను అటూ ఇటూ తోసే నలభై కంప్యూటర్ గాలులు పెట్టింది, ఒకటి చెడగొట్టినదాన్ని సరిదిద్దడానికి ఇంకొకటి. సాయంత్రానికి కుదరకపోతే ఆ షాటే తీసేస్తారు. మూడు వారాల చాకిరీ!

"వదిలేస్తే నా మాట వినదు, వినేలా చేస్తే చచ్చిపోతుంది. అసలిందులో నా చెయ్యి ఎంతవరకు ఉండాలి గురువుగారూ? ఈసారైనా తిన్నగా చెప్పండి."

ఆయన లేచి స్టూడియో వెనక వాచ్‌మన్ ఇంటికి నడిచారు. పళ్లు కొరుక్కుంటూ మేదిని వెంట వెళ్లింది. వాచ్‌మన్ భార్య నూకాలమ్మ, తలంటు పోసిన బాలింత కూతుర్ని నులకమంచం మీద పడుకోబెట్టి, తడిజుట్టు కిందికి వేలాడదీసి, నిప్పుల మీద సాంబ్రాణి చల్లుతోంది.

"ఆ పొగ అమ్మాయి జుట్టులోకి వెళ్లేలా చూడు" అన్నారు గురువు.

మేదిని అట్టముక్క అందుకుంది. ఎడమనుంచి విసిరితే పొగ కుడికి పోయింది. కుడికి పరిగెత్తి విసిరితే నేరుగా బాలింత మొహాన కొట్టింది. ఆమె దగ్గు, చంటిదాని ఏడుపు.

"ఏటమ్మా, యుద్ధమా?" నూకాలమ్మ అట్ట లాగేసుకుంది. "ఎన్ని ఏపుల్నుంచి ఊపుతావు? నా పిల్లకి జలుబు సేత్తే నువ్వు సూత్తావేటి?"

నిప్పుల మీద వెదురుబుట్ట బోర్లించి, కూతురి జుట్టు దానిమీద పరిచి, చేతులు కట్టుకు కూర్చుందామె. పొగ బుట్ట కంతల్లోంచి దారి చేసుకుని, ఏ పాయకాపాయ ఇష్టమొచ్చినట్టు మెలికలు తిరుగుతూ, జుట్టులోంచే పైకి లేచింది.

మేదిని చాలాసేపు చూసింది. కోపం తగ్గలేదు గానీ, కాళ్లు మాత్రం అప్పుడే స్టూడియో వైపు తిరిగాయి.

"నలభై గాలులూ పీకేసి, తెరమీద కనబడని బుట్ట ఒక్కటి పెడతాను. దారి నాది, మిగతాది దానికి వదిలేస్తాను. అంతేగా? ఈ ముక్క నోటితో చెప్పొచ్చుగా!"

"మిగతాది నీదెప్పుడైందమ్మా," అన్నారు కూర్మనాథంగారు, "వదిలెయ్యడానికి?"