జానెడు వెలితి

ఒక ఊరికి ఒక ఫుట్‌బాల్ జట్టు ఉండేది. ఆ జట్టులో కుడి అంచున ఆడే మనిషి చాలా వేగంగా పరిగెత్తేవాడు.

బాగా ఆడినవాడికి పేరు పెట్టి మైదానం గోడ మీద పెద్ద అక్షరాలతో రాయించడం ఆ ఊరి ఆచారం. పరుగువాడికి ‘బాణం’ అని పెట్టారు. అతను బంతి వెంట బయలుదేరితే జనం లేచి నిలబడి ఈలలు వేసేవాళ్ళు. ఈ కథ చెబుతున్నవాడూ వేశాడు. ఈల రాదు గనక తుంపర్లే పడ్డాయి, అవీ ముందు వరసలో పెద్దమనిషి బట్టతల మీద.

మైదానంలో తెల్లగీతలు గీసేది సున్నం తాత. రోజూ పొద్దున్నే పంపు కింద బకెట్టు పెట్టి, అది నిండేదాకా బీడీ కాల్చుకునేవాడు. పరుగువాడు సరిగ్గా ఆ వేళకే వచ్చేవాడు. పంపు తిప్పగానే బయలుదేరి, అవతలి మూల జెండాని ముట్టుకుని తిరిగొచ్చేవాడు. అప్పటికి బకెట్టు ఇంకా జానెడు వెలితిగా ఉండేది.

“కాస్త నెమ్మదిరా అబ్బాయ్, బీడీ సగం కూడా కాల్లేదు,” అనేవాడు తాత.

“నీ పంపు నీకంటే ముసలిది తాతా, నేనేం చెయ్యను?” అనేవాడు పరుగువాడు.

అప్పట్లో జట్టుకి ఒక ముసలి కోచ్ ఉండేవాడు. మిగతా పదిమందినీ తమ గోల్ ముందే గుంపుగా నిలబడమనేవాడు. అది చూసి అవతలి జట్టుకి ఆశ పుట్టేది. ఒక్కొక్కరే ముందుకొచ్చి, చివరికి అందరూ వచ్చేసేవాళ్ళు. వాళ్ళ వెనక సగం మైదానం కోత కోసిన చేనులా ఖాళీగా పడి ఉండేది. అప్పుడు ఎవడో ఒకడు బంతిని ఆ ఖాళీలోకి బలంగా తన్నేవాడు. మిగతాది పరుగువాడి కాళ్ళు చూసుకునేవి.

ఊరికి ఆ కాళ్ళంటే ప్రాణం. కోచ్ అంటే చిన్నచూపు.

“ఇదేం ఆటండీ, పదిమందిని గుమ్మానికి కాపలా పెట్టి? ఆ బాణమే లేకపోతే ఈయన బతుకేం కాను?” అనేవాడు వేరుశెనక్కాయలమ్మేవాడు. జనం పొట్లం కొని, మాటని ఉచితంగా పట్టుకెళ్ళేవాళ్ళు.

ఒక ఏడాది ఊరు ఆ ముసలాయనకి శాలువా కప్పి సాగనంపింది. పరుగువాడు దండ వేశాడు. ముసలాయన అతని చెవిలో ఏదో చెప్పాడు. మేళం మోతలో అది అతనికి వినపడలేదు.

కొత్త కోచ్ ధైర్యవంతుడు. “బంతి మన దగ్గరుంటే భయమెందుకు? అందరం ముందుకే,” అన్నాడు. ఊరికి ఆ మాట నచ్చింది. ఆట మొదలైన దగ్గర్నుంచీ బంతి తమవాళ్ళ కాళ్ళ దగ్గరే తిరుగుతుంటే కళ్ళకి పండగలా ఉంది.

అయితే ఇప్పుడు అవతలి జట్లు బెదిరిపోయాయి. వచ్చినవాళ్ళంతా తమ గోల్ ముందే గోడ కట్టి నిలబడటం మొదలుపెట్టారు. పరుగువాడికి బంతి అందేసరికి ఎదురుగా ముగ్గురు, వాళ్ళ వెనక ఇద్దరు. పరిగెత్తాలంటే కాళ్ళొక్కటే చాలవు, నేల కూడా కావాలి. అతను ఆగి, అటూ ఇటూ చూసి, బంతిని వెనక్కి ఇచ్చేసేవాడు.

మొదటి వారం ఊరు, “పాపం, ఒంట్లో బాగాలేదేమో” అంది. రెండో వారం, “పెళ్ళయింది కదా” అంది. మూడో వారం, “పొగరు” అంది.

“ఏం బాబూ, కాళ్ళు ఇంట్లో మర్చిపోయొచ్చావా?” అని వేరుశెనక్కాయలవాడు అరిస్తే మైదానమంతా నవ్వింది. ఆ ఊపులో సున్నం తాత కూడా, “తీసుకురమ్మని కబురు పెట్టండర్రా!” అని అరిచాడు. అరిచాక నాలుక కరుచుకున్నాడు. పరుగువాడు అప్పటికే వెనక్కి తిరిగి చూశాడు.

అతను బూట్లు మార్చాడు. అన్నం మానేసి రాగి జావ తాగాడు. కాళ్ళకి ఆముదం పట్టించాడు. తను నెమ్మదించానని అందరికంటే ఎక్కువగా నమ్మింది అతనే.

అతని సంగతి తేల్చే పెద్దల సమావేశం ముందురోజు పొద్దున్న అతను పంపు దగ్గరికి వచ్చాడు. “తాతా, ఒక్కసారి తిప్పు.”

తాత తిప్పాడు. పరుగువాడు వెళ్ళి జెండా ముట్టుకుని వచ్చాడు. ఇద్దరూ బకెట్టులోకి వంగి చూశారు. జానెడు వెలితి.

“అప్పుడూ ఇంతేరా,” అన్నాడు తాత.

“నా మీద జాలిపడి పంపు సన్నగా తిప్పావు కదూ?”

“నా సున్నం మీద ఒట్టు. నువ్వు తగ్గలేదు. అక్కడ చోటు తగ్గింది.”

పరుగువాడు చెయ్యి పెట్టి ఆ వెలితిని కొలిచాడు. “నేను చెప్పుకుంటే సాకంటారు. రేపు పెద్దలతో ఆ మాట నువ్వు చెప్తావా తాతా? వాళ్ళు తీసేస్తే తీసేశారు. తగ్గిపోయాననే మాట మాత్రం నా మీద పడకూడదు.”

“చెప్తాను. చెప్పకేం!”

మర్నాడు పెద్దలు కూర్చున్నారు. జట్టు చొక్కా అతనికి ఉంచాలా, తీసేయాలా అన్నది సంగతి. బట్టతల పెద్దమనిషి గొంతు సవరించుకున్నాడు. “తాతా, రోజూ పొద్దున్నే చూసేవాడివి నువ్వు. వీడు తగ్గాడా, లేదా?”

అందరూ తాత వైపు తిరిగారు. వేరుశెనక్కాయలవాడు అప్పుడే మూతి బిగబట్టి, నవ్వడానికి సిద్ధంగా ఉన్నాడు. కోచ్‌లూ పెద్దలూ ఉన్నచోట బకెట్టు గురించి మాట్లాడితే ఏం బాగుంటుందనిపించింది తాతకి. మొన్న తను అరిచిన అరుపు కూడా గుర్తొచ్చింది.

“నాకేం తెలుసు బాబూ, గీతలు గీసుకునేవాణ్ణి,” అన్నాడు.

పరుగువాడు లేచాడు. చొక్కా విప్పి, మడతపెట్టి బల్ల మీద ఉంచాడు.

గోడ మీద పేరు చెరిపే పని కూడా తాతదే. ఒక పూత వేస్తే అక్షరాలు కనిపిస్తూనే ఉన్నాయి. రెండో పూతకి పోయాయి.

పరుగువాడు ఏటి అవతలి ఊరి జట్టులో చేరాడు. అది పిరికి జట్టు, గోల్ ముందే గుంపుగా నిలబడే రకం. ఆ ఏడాది రెండు ఊళ్ళకీ ఆట పడింది. ఊరి జట్టు ధైర్యంగా, అలవాటు ప్రకారం, మొత్తంగా ముందుకెళ్ళింది. వెనక సగం మైదానం ఖాళీగా పడి ఉంది. అవతలివాడెవడో బంతిని ఆ ఖాళీలోకి తన్నాడు.

అప్పుడే గీసిన గీతల్ని తొక్కుకుంటూ, తెల్లటి అడుగులు వేసుకుంటూ పరుగువాడు వెళ్ళాడు. మూడుసార్లు వెళ్ళాడు. మూడు గోల్స్.

“ఆ ఊరి నీళ్ళలో ఏదో ఉందర్రా,” అంది ఊరు. “మన దగ్గరున్నప్పుడు ఒక్కనాడైనా ఇలా పరిగెత్తాడా?” ఈ కథ చెబుతున్నవాడు ఈలకని నోటిదాకా తెచ్చిన వేళ్ళతో మీసం సవరించుకున్నాడు. మీసం లేదు.

ఆ సాయంత్రమే పెద్దలు మళ్ళీ కూర్చున్నారు. తప్పు మైదానానిదని తేల్చారు. “ఖాళీ మరీ ఎక్కువైంది. తాతా, గోల్ గీత పది అడుగులు లోపలికి జరుపు.”

తాత లేచి నిలబడ్డాడు. “అయ్యా, తప్పు నేల మీద లేదు. ఆ కుర్రాడు తగ్గలేదు. బకెట్టు ఇంకా జానెడు...”

“ఏ బకెట్టు?” అన్నాడు పెద్దమనిషి. “గీతలు గీసుకునేవాడివి. గీత గియ్యి.”

తాత గీశాడు. తర్వాతి ఆట ఓడితే ఇంకో పది అడుగులు జరిపాడు. ఆ తర్వాత ఇంకో పది.

ఇప్పుడా మైదానం కల్లాపి చల్లుకునే వాకిలంత ఉంది. అందులో ఎవరూ వేగం కాదు, ఎవరూ నెమ్మదీ కాదు. ఊరికి ఎవరి మీదా ఫిర్యాదు లేదు. గీత అవతల గడ్డి నడుం లోతు పెరిగింది. మూల జెండా ఆ గడ్డిలో ఎక్కడో ఉంది.

తాతకి ఇప్పుడు అర బకెట్టు సున్నం చాలు. అయినా రోజూ పొద్దున్నే పంపు పూర్తిగా తిప్పి, గడ్డి వైపు చూస్తూ కూర్చుంటాడు. బీడీ చివరిదాకా కాలుతుంది. బకెట్టు నిండి, పొర్లి, నీళ్ళు అతని కాళ్ళ కిందికి వస్తాయి. అయినా పంపు కట్టడు.