చెలమ కాపలాకి ఓపిక పరీక్ష

1974 మే 9, గురువారం. పొద్దున్నుంచే వడగాలి, మచ్చుకైనా మబ్బు తునక లేదు. వాగు ఎండిపోయి, ఇసకలో తవ్విన చిన్న గుంట ఒక్కటి మిగిలింది. అదే చెలమ. అందులో నీరు తనంతట తాను ఊరాలి; తొందరపడి మూతి పెడితే అంచు కూలి ఊట మూసుకుపోతుంది. వెనకటికి ఒక అడవిపంది అలా చేసి అందరినీ రెండు రోజులు దాహంతో మాడ్చింది. దాని కథ వేరే, అది ఇప్పుడొద్దు.

ఇరవై ఏళ్ళుగా చెలమకి కాపలా ముసలి గేదె. ఇప్పుడు మోకాళ్ళు వంగడం లేదు. కాపలా ఓపికగలవాళ్ళకి అప్పగించాలి. తొందరగాళ్ళ పాలైతే అడవంతా గొంతెండి చస్తుంది. కానీ ఓపికని దేంతో కొలవాలి?

"కొత్తగా కనిపెట్టడం ఎందుకు పెద్దమ్మా?" అంది నక్క. "కొంగ దగ్గర తరతరాల పరీక్ష ఉంది. పొద్దెక్కేదాకా ఒంటికాలి మీద నిలబడాలి. నేనే అడిగి తెచ్చాను."

పోటీకి నక్కా, దారితప్పి అడవికొచ్చిన గాడిదా దిగాయి. నక్క తోక ఊతంగా పెట్టుకుని నిలబడింది. గాడిద మూడుసార్లు పడింది.

"ఒళ్ళెక్కువైతే ఓపిక తక్కువన్నమాట," అని నక్క నవ్వింది.

"మళ్ళీ నిలబడమంటారా పెద్దమ్మా?" అంది గాడిద, దుమ్ము దులుపుకుంటూ.

గేదె ఇద్దర్నీ గమనించింది. పడ్డవాడు ఒక్కసారీ విసుక్కోలేదు. గెలిచినవాడు 'ఇంకెంతసేపు' అని ఏడుసార్లు అడిగాడు. గేదె కుంటుకుంటూ మద్దిచెట్టు కిందికి వెళ్ళి కొంగని పిలిచింది.

"అది మా పిల్లల కోసం పెట్టుకున్నది వదినా," అంది కొంగ. "ఒంటికాలి మీద నిలబడటం మాకు పడుకున్నంత సుఖం. నేను చూసేది కాలిని కాదు, ఎదురుగా చేప తిరుగుతున్నా ఆగగలరా అని. అయినా నన్నెవరడిగారు? నెల్లాళ్ళు నా వెనక నిలబడి నేర్చుకుని పోయాడు ఆ నక్కగాడు."

"మరి నేనేం చెయ్యను?"

"నీ చెలమ దగ్గర దేనికి ఆగాలో అదే పెట్టి చూడు. ఒక్కరోజుతో నమ్మకు. ఒక్కరోజైతే మా మూడోవాడూ ఆగాడు, తిండిపోతు వెధవ."

గేదె నక్కకీ గాడిదకీ చెరొక కొత్త చెలమ తవ్వించి, దాహంతో మూడు రోజులు వాటి ముందు కూర్చోబెట్టింది. మొదటిరోజు ఇద్దరూ నీరు నిండేదాకా ఆగారు. రెండోరోజు నక్క ఇసక గీకింది. మూడోరోజు మూతి పెట్టేసింది. అంచు కూలి ఊట మూసుకుపోయింది. గాడిద చెవులు వాల్చి కూర్చుంది. నీరు నిండాక, "ముందు మీరు తాగండి పెద్దమ్మా," అంది.

చెలమ గాడిదకి దక్కింది. రోజూ తొలి గుక్క కొంగకి. గేదెకి మద్దిచెట్టు నీడ. నక్కకి ఏమీ దక్కలేదు. మూతికంటిన ఇసక దులుపుకుని వరసలో చివర నిలబడింది, ఈసారి నాలుగు కాళ్ళ మీద.

కొలిచే ముందు, ఆ కొలత ఎవరికోసం చేశారో, దేన్ని కొలుస్తుందో అడిగి తెలుసుకోవాలి.