పేలు చూడటానికి రావద్దన్న అవ్వ

అనగనగా ఒక కొండ అడవి. అందులో ఒక కొండముచ్చుల గుంపు. ఆ గుంపుకు ఒక అలవాటు ఉండేది. ఎవరికి ఒంట్లో బాగోకపోయినా అందరూ చుట్టూ చేరి పేలు చూసేవాళ్లు. మంచిదే కదా అంటారా? ఆగండి, చెప్తాను.

ఒక చలికాలం గుంపులోకి జ్వరం వచ్చింది. ఆ జ్వరాన్ని తెచ్చింది కంటికి కనిపించని పురుగులు, ఇద్దరు అన్నదమ్ములు. అన్న నిదానం, తమ్ముడు ఆత్రం.

"ఒరే, ఎక్కిన ఒంటిని మరీ పీల్చెయ్యకు. అది లేచి తిరిగితేనే మనకు ఇంకో ఒళ్లు దొరుకుతుంది" అన్నాడు నిదానం.

ఆత్రం పకపకా నవ్వాడు. "లేవడం దేనికన్నయ్యా? పడగొడితే చాలు. పేలు చూడటానికి వాళ్లే వస్తారుగా!"

అన్నట్టే అయింది. మొదట ఒకడు పడ్డాడు. అందరూ వచ్చి పేలు చూశారు. వాళ్లలో ఇద్దరు పడ్డారు. మళ్లీ అందరూ వచ్చారు. ముగ్గురూ పోయారు. ఆత్రం పిల్లలు, వాళ్ల పిల్లలు తరతరానికీ ఇంకా కరుకుగా పుట్టారు. నిదానం పిల్లలకు చోటు దొరకడమే కష్టమైంది. పొద్దున్నే తల్లులు భయంభయంగా బిడ్డల ఒళ్లు తాకి చూసుకునేవాళ్లు.

చివరికి గుంపుకు పెద్దదైన బూడిదవ్వకూ జ్వరం తగిలింది.

"కాలు కదపలేనివాడి జబ్బు ఇన్ని చెట్లు ఎలా దాటింది? మనమే వెళ్లి తెచ్చుకున్నాం" అంది అవ్వ. తూలుతూ వాగు దాటి, అవతలి బండ ఎక్కి కూర్చుంది. "జబ్బుపడ్డవాళ్లు ఇక ఇక్కడికే రావాలి. మిగతావాళ్లు ఎవరూ రావద్దు!"

మనవరాలు చిగురి వాగు దాకా పరుగెత్తింది. "అవ్వా, ఒక్కసారి! తల చూసి వచ్చేస్తా!"

"నా తల్లివి కదూ, అక్కడే ఆగవే. నువ్వొస్తే ఇది నీతో పాటు మీ అమ్మ దగ్గరికీ, చంటోడి దగ్గరికీ వస్తుంది."

చిగురి నీళ్లలో కాలు పెట్టింది. తీసింది. మళ్లీ పెట్టింది. ఏడుస్తూ వెనక్కి వచ్చి, ఒడ్డు నుంచే మేడిపళ్లు విసిరింది.

"ఎవరూ రారేం?" అని అవ్వ ఒంట్లో ఆత్రం గింజుకున్నాడు. ఎవరూ రాలేదు. అవ్వ కన్నుమూసింది. బయటపడే దారిలేక ఆత్రం కూడా ఆమెతోనే పోయాడు. తర్వాత పడ్డవాళ్లూ బండ మీదికే వెళ్లారు. కొందరు కోలుకున్నారు, కొందరు లేదు. ఆత్రం వంశం అక్కడితో ఆగిపోయింది.

జలుబు చేసినా లేచి తిరిగేవాళ్ల ఒంట్లో నిదానం పిల్లలు మాత్రం మిగిలారు. ఇప్పటికీ చలికాలం ఆ గుంపులో తుమ్ములు వినిపిస్తాయి. తుమ్ముతూనే కొమ్మలు దూకుతారు. చిగురి మాత్రం మేడిచెట్టు ఎక్కిన ప్రతిసారీ మొదటి పండు ఆ బండ మీదికి విసురుతుంది.

నీతి: మనం దారి ఇస్తే జబ్బు కరుకెక్కుతుంది, దారి మూస్తే మెత్తబడుతుంది, ప్రేమను దూరం నుంచి చూపాల్సిన రోజులూ ఉంటాయి.